పాత చెక్కకి చిత్రిక పట్టకండి

పాత చెక్కతో నగలు తగిలించుకునే కొయ్య చేసుకుంటామని అంటే ఎవరైనా చెప్పే సలహాలు నాలుగు. మంచి టేకు ముక్క వెతుక్కోండి. శుభ్రంగా కడిగి ఎండలో పెట్టండి. పాత రంగు పోయేదాకా గీకించి చిత్రిక పట్టించండి. పైన నిగనిగలాడేలా వార్నిష్ కొట్టించండి. ఈ నాలుగూ తప్పే అంటాను నేను. నేను చెప్పే సలహాలు వింటే ఇంట్లో పెద్దవాళ్ళు కాదంటారు, వడ్రంగి మేస్త్రీ అయితే ఉలి కింద పెట్టి మొహంలోకి చూస్తాడు. వినడానికి తలకిందులుగా ఉన్నా సరైనవి ఇవే. దేనికి కారణం దానికి చెప్తాను, మీరే తేల్చుకోండి.

తణుకు పాతవూరి వీధుల్లో పెంకుటిళ్ళు ఒకదాని తర్వాత ఒకటి నేలమట్టమవుతున్నాయి, వాటి చోట అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. ఇల్లు పడగొట్టకముందే ద్వారబంధాలకి, తలుపులకి, దూలాలకి బేరం అయిపోతుంది. కలప అడితివాళ్ళు టేపు పట్టుకుని వచ్చి, అడుగుల లెక్కన కొలుచుకుని పట్టుకుపోతారు. వాళ్ళు వదిలేసినవి మిగులుతాయి. కిటికీ చట్రాల ముక్కలు, వాసాల చివర్లు, పెంకుల కింది పెండె బద్దలు, విరిగిన మంచం కోళ్ళు, గోడలోంచి ఊడొచ్చిన చిలకకొయ్యలు. అవన్నీ ఇటుక ముక్కలతో పాటు ట్రాక్టరెక్కి ఏ పల్లపు స్థలం పూడ్చడానికో వెళ్ళిపోతాయి, లేకపోతే పొయ్యిలోకి. నా సలహాలన్నీ ఆ మిగిలినవాటి కోసమే.

మంచి చెక్క వెతక్కండి

పొడుగ్గా, సాఫుగా, బొక్క లేకుండా ఉన్న టేకు పలక దొరికితే దాన్ని నగల కొయ్య కోసం కొయ్యకండి. దానికి ఇంకో తలుపుగానో, బీరువా అరగానో వందేళ్ళు బతికే ఓపిక ఉంది. అడితిలో ఉండనివ్వండి, దాని పని దానికి దొరుకుతుంది. మీకు కావాల్సింది ఎవరికీ అక్కర్లేని ముక్క. బొక్కలున్నది, మరకలున్నది, రెండడుగులకి మించనిది.

అసలు ఈ చెక్క మన ఊరిది కాదన్న సంగతి ముందు గుర్తుపెట్టుకోవాలి. డెల్టా నేల వరికి, చెరకుకి, కొబ్బరికి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలకి నీళ్ళొచ్చాయి, నీళ్ళ వెంట పంటలు, పంటల వెంట పెంకుటిళ్ళు వచ్చాయి. ఆ ఇళ్ళకి కావాల్సిన టేకు మాత్రం ఇక్కడ లేదు. పాపికొండల అవతల అడవుల్లో నరికిన మాను తెప్పలుగా కట్టి గోదావరి మీద వదిలితే రాజమండ్రి రేవుకి చేరేది. అప్పట్లో డెల్టా పెద్ద కాలువలు పడవలు తిరిగే దారులే. ఇంకాస్త కలిగినవాళ్ళ ఇళ్ళకి సముద్రం దాటి రంగూన్ టేకు వచ్చింది. కోరంగి, కాకినాడ రేవుల నుంచి మనవాళ్ళు కూలికీ వ్యాపారానికీ రంగం, అంటే బర్మా, వెళ్ళిన రోజులవి. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక ఆ రాకపోకలు కుప్పకూలాయి. మీ చేతిలో ఉన్న కిటికీ ముక్క ఆ రెండు దారుల్లో ఏదో ఒకటి పట్టుకుని తణుకు చేరి ఉండొచ్చు. ఆ చెట్టు ఇప్పుడు మళ్ళీ దొరకదు. రెండడుగుల ముక్కైనా సరే, పొయ్యిలో పెట్టే వస్తువు కాదని నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

ముక్క ఎంచుకునేటప్పుడు పైరంగు చూడకండి, బరువు చూడండి, చివర చూడండి. చేవ ఉన్న టేకు కోసిన చోట ముదురు తేనెరంగులో ఉంటుంది, గోటితో గీరితే ఒక రకం నూనె వాసన వస్తుంది. చేవ చుట్టూ ఉండే తెల్లచెక్కకి ఆ వాసన ఉండదు. చెద చేవని ఎందుకు ముట్టదంటే అందులో టెక్టోక్వినోన్ అనే పదార్థం ఉంటుంది, అది చెదకి గిట్టదు. తెల్లచెక్కలో అది లేదు కాబట్టి పుచ్చేది ముందు అదే.

తాటి దూలం ముక్క జోలికి మాత్రం వెళ్ళకండి. ఇంటి కప్పుకి అంత గట్టిది లేదు గానీ దాని నల్లటి పీచు పేళ్ళుగా లేస్తుంది. గొలుసు తగులుకుంటుంది, పట్టుచీర పోగు లేస్తుంది, వేలికి గుచ్చుకుంటుంది. కొబ్బరి మొద్దు పైన గట్టి, లోపల గుల్ల. అందులో కొయ్య నిలవదు.

బొక్కలు పూడ్చకండి

అందరూ పారేసేవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది పాత కిటికీ చట్రంలోని అడ్డకమ్మి. ఇనప ఊచలు దిగేది అందులోకే. ఊచలు పాత ఇనుముకి పోతాయి, కమ్మి మిగులుతుంది. దాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. వరసగా గుండ్రటి బొక్కలు, బొక్కకీ బొక్కకీ మధ్య మూడు నాలుగు అంగుళాల ఎడం. అర అంగుళం ఊచ పట్టేంత వెడల్పు. పైకమ్మిలో అయితే బొక్క ఆరపార ఉంటుంది, కిందికమ్మిలో సగం దాకానే. ప్రతి బొక్క చుట్టూ నల్లటి వలయం ఒకటి ఉంటుంది, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, వాన జల్లు ఎటునుంచి కొట్టిందో ఆ వైపు కాస్త సాగి ఉంటుంది.

ఆ నలుపు మురికి కాదు. చెక్కలో ఉండే వగరు పదార్థం తడి ఇనుముతో కలిసి నల్లగా మారుతుంది. పెడన కలంకారీలో నల్లరంగు పుట్టేది ఈ పద్ధతిలోనే. కరక్కాయ నీళ్ళలో ముంచిన గుడ్డ మీద ఇనుము ఊరబెట్టిన ద్రావకంతో అచ్చు అద్దితే అద్దిన చోటు నల్లబడుతుంది, ఎన్ని ఉతుకులకీ పోదు. మీ కమ్మి మీదున్న మరకా అంతే, చిత్రిక పట్టినా లోపలికంటా ఉంటుంది.

ఇప్పుడు నగల కొయ్యకి ఏం కావాలో ఆలోచించండి. వరసగా కొయ్యలు, వాటి మధ్య గొలుసు గొలుసుకి చిక్కుపడనంత ఎడం. ఆ ఎడం ఎవరో మేస్త్రీ ఎనభై తొంభై ఏళ్ళ కిందటే కొలిచి బరమాతో వేసి పెట్టాడు. మనం కొత్తగా ఒక్క బొక్క కూడా వెయ్యక్కర్లేదు. కమ్మిని తిప్పి, బొక్కలు మన వైపు వచ్చేలా గోడకి బిగించి, వాటిలో కొయ్యలు దించితే పని అయిపోయింది. కిందికమ్మి ఇంకా మేలు, బొక్కకి అడుగు ఉంది కాబట్టి కొయ్య వెనక్కి జారిపోదు.

ఈ మాట చెప్తే వడ్రంగులు ఒప్పుకోరు. వేల్పూరు రోడ్డు వైపు ఒక మేస్త్రీగారికి కమ్మి ముక్క ఇచ్చినప్పుడు జరిగిన మాటలు ఇవి.

“ఏటండీ ఇది, అన్నీ బొక్కలే! సెక్క ముక్కలెట్టి పూడ్చేసి, ఓ పాలి చిత్రిక పట్టేత్తే కొత్తదాన్లా ఉంటదండి.”

“బొక్కల కోసమే తెచ్చానండి మేస్త్రీగారూ. వాటిల్లోకే కొయ్యలు కావాలి.”

“ఆయ్, మరి నాకేం పనుందండీ ఇందులో?”

“కొయ్యలు తరిమెన పట్టి ఇవ్వండి. ఒక్కో బొక్కా ఒక్కోలా అరిగింది, దేనికది చూసుకోవాలి. అదే అసలు పని.”

ఆయన ఊచ ముక్క ఒకటి దూర్చి చూసి, రెండో బొక్కలో తిప్పి చూసి, “ఇది కట్టమైన పనేనండోయ్” అన్నారు. నిజంగానే కష్టమైన పని. చెక్కని సాఫు చెయ్యడం యంత్రం కూడా చేస్తుంది. అరిగిన బొక్కకి సరిపడా కొయ్య చెయ్యడానికి చెయ్యి తిరిగిన మనిషి కావాలి. కూలి దానికి ఇవ్వండి, బేరమాడకండి.

చిత్రిక వద్దనడానికి ఇంకో కారణం. పాత చెక్కలో విరిగిన చీలలు కనపడకుండా ఉండిపోతాయి. చిత్రిక ఉలి వాటికి తగిలిందంటే అంచు తునిగిపోతుంది, మేస్త్రీ పనిముట్టు పాడవుతుంది. పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతం చెక్క మీద నెమ్మదిగా నడిపిస్తే చీల ఎక్కడుందో తెలుస్తుంది.

కొయ్యల చెక్క వేరేది తీసుకోవచ్చు. ఏటికొప్పాక వాళ్ళు లక్కబొమ్మలకి వాడే అంకుడు కర్ర తరిమెనకి మెత్తగా లొంగుతుంది, పేళ్ళు లేవదు. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గింజల నుంచి, ఆకుల నుంచి తీసిన సహజ రంగుల్ని లక్కలో కలిపి తిరుగుతున్న కర్ర మీదే పట్టిస్తారు. ఆ పని కోసం పాటుపడిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. పాత టేకు కమ్మిలో లక్క రంగు కొయ్య దిగితే బాగుంటుందని నా అభిప్రాయం, నచ్చకపోతే రంగు లేకుండానే పెట్టుకోండి.

జిగురు పెట్టకండి

కొయ్యని బొక్కలో దించి జిగురు పెట్టడం అందరూ చేసే పని. టేకు నూనె చెక్క, జిగురు దాని మీద సరిగ్గా పట్టదు. పట్టినా నష్టమే, రేపు కొయ్య విరిగితే తియ్యలేరు. దానికి బదులు కొయ్యల్ని రెండెండలు బాగా ఎండబెట్టి, కొంచెం బిగుతుగా ఉన్నప్పుడే చెక్క సుత్తితో దించండి. గోదావరి గాలిలో తేమకి కొదవేముంది. ఎండిన కొయ్య ఆ తేమ పీల్చుకుని ఉబ్బి, దానంతటదే బిగుసుకుంటుంది. రోహిణీ కార్తెలో ఒకటో రెండో వదులైతే ఇంత కాగితం ముక్క చుట్టి మళ్ళీ దించండి, తొలకరికి సర్దుకుంటాయి.

కొయ్య తల కాస్త పైకి చూడాలి. నేలకి సమంగా ఉంటే ఫ్యాన్ గాలికి గొలుసు ముందుకి జారుతుంది. పాత చిలకకొయ్యలు చూడండి, అన్నీ తలెత్తుకునే ఉంటాయి.

కడగకండి, గీకకండి

ఎన్నో ఏళ్ళ దుమ్ము పట్టిన చెక్క కనపడగానే బకెట్టు నీళ్ళు గుమ్మరించాలనిపిస్తుంది. వద్దు. కప్పు కింద పొడిగా బతికిన చెక్క ఒక్కసారిగా తడిసి, ఆ తడి మీదే ఎండలో పడితే పైపొర ముందు ఆరి బీటలు తీస్తుంది, పలకైతే వంకర తిరుగుతుంది. గట్టి బ్రష్షుతో పొడిగానే దులపండి. ఆ తర్వాత పిండేసిన తడిగుడ్డతో ఒకసారి తుడిచి, గది లోపల నీడపట్టున కొన్ని వారాలు వదిలెయ్యండి. ఆ ఇంటి గాలికి ఆ చెక్క అలవాటు పడాలి.

రంగు సంగతి ఇంకా ముఖ్యం, ఇక్కడ మాత్రం దయచేసి నా మాట వినండి. పాత తలుపులకి, కిటికీలకి వేసిన ఆకుపచ్చ, నీలం, ఎరుపు రంగుల్లో సీసం ఉండే అవకాశం చాలా ఎక్కువ. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళలో 90కి మించకూడదన్న నిబంధనలు 2016లో వచ్చాయి, 2017 నవంబరు నుంచి అమల్లో ఉన్నాయి. అంతకు ముందు వేసిన రంగు ఆ లెక్కకి లోబడింది కాదు. దాన్ని గరుకు కాగితంతో గీకితే లేచే పొడి కంటికి కనపడనంత సన్నంగా ఉంటుంది. అది గాలిలో తేలుతుంది, నేల మీద పడుతుంది, పాకే పిల్లల చేతికి అంటి నోట్లోకి పోతుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది, ఇంత మోతాదు వరకు ఫర్వాలేదు అనే హద్దు కూడా లేదు. అందుకని రంగు పెచ్చులూడుతున్న ముక్కని అసలు ఇంటికే తేకండి, ఎంత అందంగా ఉన్నా సరే. ఒక వైపే రంగుండి అది గట్టిగా అంటుకుని ఉంటే దాని మీద చపడా (లక్క పాలిష్) పూత వేసి, ఆ వైపుని గోడకి పెట్టెయ్యండి. ఒంటిమీద వేసుకునే నగ రంగుకి తగలకూడదు.

నా మట్టుకు నేను రంగు లేని ముక్కలే తీసుకుంటాను. వాసాల చివర్లకి, పెండె బద్దలకి సాధారణంగా రంగు వెయ్యరు. ఊచల కమ్మి అయితే రంగు లేనిదే చూసి తీసుకుంటాను.

చిన్న చిన్న పుచ్చు బొక్కలు కనపడితే భయపడి పారెయ్యొద్దు. అవి పాతవో కొత్తవో తేల్చుకోండి. చెక్కని తెల్ల కాగితం మీద పెట్టి గట్టిగా నాలుగు సార్లు తట్టండి. ఒక వారం అలాగే ఉంచి మళ్ళీ చూడండి. బియ్యప్పిండి లాంటి మెత్తటి పొడి కొత్తగా రాలి ఉంటే పురుగు లోపల బతికే ఉంది. బోరిక్ పౌడరు, బోరాక్స్ వేడి నీళ్ళలో కలిపి బ్రష్షుతో రెండు మూడు సార్లు పట్టించి, పూర్తిగా ఆరాక పొడి రాలడం ఆగిందో లేదో చూసుకోండి. ఆగేవరకు ఆ ముక్కని మంచాల దగ్గర, బీరువాల దగ్గర పెట్టొద్దు. పొడి ఏమీ రాలకపోతే పురుగు ఎప్పుడో వెళ్ళిపోయింది, ఆ బొక్కల్ని అలాగే ఉండనివ్వండి. జుంకీల కొక్కేలు తగిలించుకోవడానికి కొన్ని పనికొస్తాయి కూడా.

కొబ్బరినూనె రాయకండి

మన వైపు దేనికైనా కొబ్బరినూనే. తలకి, తాళానికి, తలుపు బేడానికి. చెక్కకి మాత్రం వద్దు. కొబ్బరినూనె ఆరే నూనె కాదు, ఎన్నాళ్ళైనా జిడ్డుగానే ఉండి దుమ్ము పట్టి కనరు వాసన కొడుతుంది, ఆ జిడ్డు గొలుసు సందుల్లోకి చేరుతుంది. అవిసె నూనె ఆరుతుంది గానీ మన తేమలో వారాలు పడుతుంది. పైగా అది తుడిచిన గుడ్డలు ముద్దచేసి మూల పడేస్తే వేడెక్కి వాటంతటవే అంటుకుంటాయి, ఆ గుడ్డల్ని విడివిడిగా పరిచి ఆరెయ్యాలి.

నిగనిగలాడే వార్నిష్‌కి బదులు నేను చెప్పేది చపడా. స్పిరిట్‌లో కరిగించిన లక్క, మన తాతల నాటి పాలిష్. పల్చగా ఒకటి రెండు పూతలు, పైన ఇంత తేనెమైనం రుద్ది గుడ్డతో మెరుగు పెట్టడం, అంతే. ఒక జాగ్రత్త ఉంది. సెంటులో కూడా స్పిరిట్ ఉంటుంది కాబట్టి అది పడితే పూత కరుగుతుంది. అద్దం ముందు సెంటు కొట్టుకునేవాళ్ళు కొయ్యకి ఎడంగా నిలబడండి. నగలకీ అదే మంచిది.

మంచం కోడు, గాజుల లెక్క

గాజులకి గొలుసుల కొయ్య చాలదు. అడ్డంగా ఒక కర్ర కావాలి, గాజుల కొట్లో ఉన్నట్టు. పాత పట్టెమంచం కోడు ఉంటే దానంత సొగసైనది లేదు. తరిమెన పట్టిన మెడలు, గిన్నెలు, గుండ్లు అన్నీ దాని మీదే ఉంటాయి. కోడు లావుగా ఉంటుంది కదా, గాజు ఎలా దూరుతుందంటే, కోడు మొత్తం దూరక్కర్లేదు. సన్నటి మెడ ఉన్న భాగం వరకు కోయించి, అడ్డంగా బిగించి వాడుకోవాలి.

వాసం ముక్కో, పెండె బద్దో అయితే నలుపలకలుగా ఉంటుంది. ఇక్కడ లెక్క తెలియక చాలామంది చెక్క పాడుచేసుకుంటారు. గాజు సైజు 2.4 అంటే రెండు అంగుళాల పైన, అంగుళంలో పదహారో వంతులు నాలుగు. అంటే రెండుంపావు అంగుళాలు, 57 మిల్లీమీటర్లు. 2.6 అయితే 60, 2.8 అయితే 63న్నర. 2.2 సైజు లోపలి కొలత 2.125 అంగుళాలు. ఇప్పుడు ఒకటిన్నర అంగుళాల నలుపలక కర్ర తీసుకోండి. పలకకి పలక ఒకటిన్నరే గానీ మూల నుంచి మూలకి 2.12 అంగుళాలు. 2.2 గాజు దూరీ దూరనట్టు వెళ్ళి మూలల్లో పట్టేస్తుంది, లాగితే మట్టి గాజైతే విరుగుతుంది. అందుకని ఒకటింపావుకి మించనివ్వకండి, అప్పుడు మూల నుంచి మూలకి ఒకటింముప్పావు చిల్లర. మూలలు మాత్రం ఉలితో కొంచెం చంపించాలి. పాత చెక్కకి పని తక్కువ చెయ్యాలనే నేను ఒప్పుకునే కోతలు ఈ గాజుల కర్ర కోసం చేసేవే.

కొయ్యకూడనివి కూడా చెప్పాలి. గడప ఎంత మంచి చెక్కైనా ముట్టుకోకండి. పసుపు రాసి, బొట్టుపెట్టి, లక్ష్మి అనుకుని దాటిన కొయ్య అది. కొత్త ఇంట్లో మళ్ళీ గడపగా పెట్టించుకోవచ్చు, అడితివాళ్ళకి ఇచ్చినా గడపగానే వెళ్తుంది. రోకలిని కొయ్యకండి, ఇంట్లో పెళ్ళి కుదిరితే పసుపు దంచడానికి వీధంతా వెతుక్కోవాలి. ఉయ్యాల బల్ల ముక్కలు చెయ్యడానికి చేతులు ఎలా వస్తాయో నాకు తెలీదు.

తలుపులున్న పెట్టె చెయ్యకండి

నగలు కదా అని అద్దాల తలుపులతో చిన్న బీరువా చేయిద్దామనుకుంటారు. దుమ్ము పడదని, అందంగా ఉంటుందని. చెక్క ఊపిరి వదులుతుందన్న సంగతి మర్చిపోతారు. చెక్కల్లోంచి, ముఖ్యంగా కొన్ని జాతుల్లోంచి, ప్లైవుడ్ జిగురులోంచి పుల్లటి ఆవిర్లు కొద్దికొద్దిగా వస్తూనే ఉంటాయి. బయట అయితే గాలిలో కలిసిపోతాయి, మూసిన పెట్టెలో పేరుకుంటాయి. ఇంగ్లండులో గవ్వలు, శంఖాలు సేకరించే లోఫ్టస్ బైన్ అనే ఆయన 1899లో ఒక విచిత్రం రాశాడు. చెక్క సొరుగుల్లో దాచిన శంఖాల మీద తెల్లటి బూజులాంటిది పుట్టి అవి పొడి రాలిపోతున్నాయి. అంటువ్యాధిలా ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకుతోందనుకున్నాడాయన. కాదని తర్వాత తేలింది. ఓక్ చెక్క సొరుగుల్లోంచి వచ్చే ఆమ్లపు ఆవిర్లు శంఖంలోని సున్నాన్ని తినేస్తున్నాయి. దాన్ని ఇప్పటికీ బైన్ వ్యాధి అనే అంటారు.

మన ముత్యం కూడా శంఖం తరహాదే, దానిలోనూ ఉన్నది ఆ సున్నమే. పగడమూ అంతే. రోల్డ్ గోల్డు నగల్లో పూత కింద రాగి, ఇత్తడి ఉంటాయి, ఆవిర్లకి, చెమటకి వాటికి పచ్చటి చిలుం పడుతుంది. అందుకే గాలి ఆడే గోడ కొయ్య మేలు. దుమ్ము పడితే మెత్తటి గుడ్డతో తుడుచుకుంటాం, పోయేదేముంది.

రెండిటికి మాత్రం ఈ కొయ్య పనికిరాదు. ముత్యాల దండని వేలాడదీస్తే బరువుకి దారం సాగి ముత్యానికీ ముత్యానికీ మధ్య సందు వస్తుంది, దాన్ని గుడ్డలో చుట్టి పడుకోబెట్టండి. వెండి పట్టీలు గాలిలోని గంధకానికి నల్లబడతాయి, వాటిని గాలి తగలని కవర్లో పెట్టుకోండి.

ఇక బంగారం. కాసుల పేరు, చంద్రహారం ఈ కొయ్యకి తగిలించకండి. అవి బ్యాంకు లాకర్లో ఉండేవి, ఏడాదికి రెండు పెళ్ళిళ్ళకి బయటికొచ్చేవి. ఈ కొయ్య రోజూ వేసుకునేవాటికి. నల్లపూసల గొలుసు, బందరు చిలకలపూడి నుంచి వచ్చిన వన్ గ్రామ్ హారం, కాలేజీకెళ్ళే పిల్ల జుంకీలు, తీర్థంలో కొన్న పూసల దండ. పెట్టెలో అడుగున పడున్న నగ ఉందన్న సంగతే మర్చిపోతాం, కళ్ళెదురుగా వేలాడుతుంటే చెయ్యి దానంతటదే వెళ్తుంది. కొయ్య కొలతలు కూడా వాటిని బట్టే పెట్టుకోండి. ఇరవైనాలుగు అంగుళాల గొలుసు తగిలిస్తే పన్నెండు అంగుళాలు కిందికి దిగుతుంది, ముప్ఫై అంగుళాలది పదిహేను. కొయ్యల కింద అంత గోడ ఖాళీగా ఉండాలి. ఫోనులో బొమ్మ చూపించి ఇలాంటిది కావాలని మేస్త్రీని అడక్కండి, మీ నగలే నాలుగు పట్టుకెళ్ళి ఆయన ముందు పెట్టండి.

బల్ల మీద పెట్టకండి

నగల కొయ్య చోటు బల్ల మీద కాదు, గోడ మీద. మన పూర్వులు ఇల్లు కట్టేటప్పుడే గోడలో చిలకకొయ్యలు దించేవారు. తోక గోడలో, తల బయటికి. ఉత్తరీయం నుంచి దండల దాకా దానికే. తణుకులో ఏ పాత పెంకుటిల్లు పడగొట్టినా ఒకటో రెండో చిలకకొయ్యలు దొరక్కపోవు. మీకు అవే దొరికితే నేను పైన చెప్పిన కమ్మి పని ఏదీ అక్కర్లేదు. తోకకి పట్టిన మట్టి దులిపి, ఒక బద్దకి బిగించి అద్దం పక్కన గోడకి పెట్టుకోండి. ముక్కు అరిగిందని కొత్త ముక్కు చెక్కించకండి. వాన జల్లు తగిలే గోడకి, స్నానాల గది పక్క గోడకి వద్దు, లోపలి గోడ ఏదైనా ఫర్వాలేదు. నిలబడితే మీ కంటి ఎత్తుకి రావాలి.

మీ వీధిలో పాత ఇల్లు పడగొడుతున్నారని తెలిస్తే గునపం పడకముందే వెళ్ళండి. ఇంటివాళ్ళని అడిగి కిటికీ కమ్ములు, మంచం కోళ్ళు, చిలకకొయ్యలు విడిగా పెట్టించండి. వాళ్ళు డబ్బు తీసుకోకపోతే కూలీలకి టీ ఖర్చు ఇవ్వండి. మీకు అక్కర్లేకపోయినా తెచ్చి అటక మీద పెట్టండి, అడిగేవాళ్ళు వస్తారు. ట్రాక్టరెక్కాక వెతికితే దొరకవు.